జీతం తక్కువ చూపడం అసత్యమేనా?

ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థలు ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్ కార్యాలయానికి ఒక పట్టీ పంపాలి. దాన్ని ఈసీఆర్ అంటారు. అందులో ఒక్కో పనివాడికి ఒక్కో వరుస ఉంటుంది. యూఏఎన్ నంబరు, పేరు రాశాక వరసగా నాలుగు జీతాలు వస్తాయి: మొత్తం జీతం, పీఎఫ్‌కు లెక్కించే జీతం, పింఛనుకు లెక్కించే జీతం, బీమాకు లెక్కించే జీతం. ఆ తర్వాత కట్టిన సొమ్ము, ఆ నెలలో జీతం రాని రోజులెన్నో చెప్పే గడి. ఒక సెక్యూరిటీ గార్డు వరుసనే తీసుకుందాం. మొదటి గడిలో 15,000 ఉంటుంది. పక్క మూడు గడుల్లోనూ 8,000 ఉంటుంది. మిగతా 7,000 ఏమైందని అడిగితే ఇంటద్దె, రానుపోను ఖర్చు, యూనిఫాం ఉతుకు ఖర్చు, ‘ఇతర అలవెన్సులు’ అని జవాబొస్తుంది. పే స్లిప్పులో అవన్నీ ఉంటాయి. దొంగ సంతకం ఒక్కటీ ఉండదు, కొట్టివేత ఒక్కటీ ఉండదు. అయినా ఆ గార్డు నెలంతా రాత్రిళ్లు గేటు దగ్గర కూర్చున్నందుకు వచ్చింది 8,000 కాదు, 15,000. మరి ఆ వరుస నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా? దీన్ని లెక్కల విభాగానికి వదిలేసి, మహా అయితే లేబర్ కోర్టుకు వదిలేసి ఊరుకుంటున్నాం. ఇది సత్యానికి సంబంధించిన ప్రశ్న అనీ, దానికి మన ధార్మిక సంప్రదాయాలు చాలాకాలం కిందటే జవాబు చెప్పాయనీ నా వాదన.

ముందు ఆ 7,000 ఏం చేస్తుందో చూడాలి. 1995 పింఛను పథకంలో లెక్క సులువు. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. 33 ఏళ్లు పనిచేసి 58వ ఏట దిగిపోయినవాడికి, ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు కాబట్టి, ఇంకో రెండేళ్లు కలిపి 35 ఏళ్లుగా లెక్కిస్తారు. అంటే పింఛను ఆ జీతంలో సరిగ్గా సగం. 15,000 మీద 7,500 వస్తుంది, 8,000 మీద 4,000 వస్తుంది. నెలకు 3,500 తేడా, ఊపిరి ఉన్నంతకాలం. అతను పోయాక భార్యకు వచ్చేది అందులో సగం, 3,750 రావలసిన చోట 2,000. ఉద్యోగంలో ఉండగానే పోతే బీమా సొమ్ములో ప్రధాన భాగం నెల జీతానికి 35 రెట్లు. 15,000 అయితే 5,25,000, 8,000 అయితే 2,80,000. ఇంతా చేసి యజమానికి పీఎఫ్ వాటాలో నెలకు మిగిలేది, 7,000 మీద 12 శాతం, 840 రూపాయలు. పనివాడి చేతికి ఆ నెల అదనంగా వచ్చేదీ అంతే. ఇద్దరికీ చెరో 840 మిగిలినట్టు కనబడే ఒప్పందం ఇది. దాని ఖరీదు కట్టేది మాత్రం ఆ గదిలో లేనివాళ్లు: అరవై ఏళ్ల ఆ మనిషి, అతని భార్య, బహుశా ఇంకా పుట్టని పిల్ల.

ఆ వరుసను సాక్ష్యం అని ఎందుకంటున్నానో చెప్పాలి. ధర్మశాస్త్రం వ్యవహార ప్రకరణంలో మానుష ప్రమాణాలు మూడు చెబుతుంది: లిఖితం, భుక్తి, సాక్షి. యాజ్ఞవల్క్యుడు వాటిని ఒకే వరసలో పెట్టాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కాబట్టి ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. కాగితం మీద రాతకూ, సభలో నిలబడి మనిషి చెప్పే మాటకూ ఆ సంప్రదాయం ఒకే పని అప్పగించింది. జరిగినదాన్ని, చూడనివాళ్లకు తెలియజెప్పే పని అది. కూటసాక్ష్యం మహాపాతకానికి దగ్గరి దోషమైతే కూటలేఖ్యమూ అంతే. ముప్ఫై ఏళ్ల తర్వాత పింఛను గుమాస్తా ఆ గార్డును పిలిచి నీకెంత వచ్చేదని అడగడు. అప్పటికి ఆ సంస్థ ఉండకపోవచ్చు, హాజరు పట్టీలు చెదలు తినేసి ఉండొచ్చు, మేనేజరు పోయి ఉండొచ్చు. మిగిలేది ఆ వరుస ఒక్కటే. ఆ మనిషి తరఫున మాట్లాడేది, అతనికి వ్యతిరేకంగా మాట్లాడేది అదే. నెలనెలా దాన్ని నింపేవాడు భవిష్యత్తులోని ఒక విచారణకు ఇప్పుడే వాంగ్మూలం ఇస్తున్నాడు. తనకది గుర్తున్నా లేకపోయినా.

ఈ విషయంలో నాకు తెలిసిన గ్రంథాల్లో అందరికన్నా నిశితంగా ఆలోచించింది జైనులు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం గృహస్థు వ్రతాలకు ఒక్కోదానికి ఐదేసి అతిచారాలు, అంటే వ్రతాన్ని పూర్తిగా విడవకుండానే దాన్ని దెబ్బతీసే తప్పులు, లెక్కపెడుతుంది. సత్యవ్రతం కింద కూటలేఖ క్రియ ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. దాని పక్కనే న్యాసాపహారం ఉంది. ఒకరు దాచుకున్న సొమ్మును తక్కువ చేయడం దొంగతనం కదా, అస్తేయ వ్రతం కింద ఉండాలి కదా, సత్యం కింద ఎందుకు పెట్టాడు? పూజ్యపాదుడు సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో దీన్ని విప్పిన తీరు చూడండి. ఒకడు మరొకడి దగ్గర బంగారం దాచాడు. కొన్నాళ్లకు ఎంత దాచాడో మరిచిపోయి వచ్చి, దాచినదానికన్నా తక్కువ అడిగాడు. ఎవరి దగ్గర దాచాడో అతను ‘అంతే’ అన్నాడు. అదే న్యాసాపహారం. చెయ్యి పెట్టి తీసిందేమీ లేదు. అడిగినంతా ఇచ్చేశాడు. అవతలివాడు తృప్తిగా వెళ్లిపోయాడు కూడా. తప్పంతా ఆ ఒక్క ‘అంతే’లో ఉంది. తనకు తెలిసిన నిజం అవతలివాడికి తెలియదని తెలిసీ అన్న మాట అది. 8,000 అని నింపిన గడి ఆ ‘అంతే’ని నెలనెలా రాతలో అంటోంది. బేసిక్‌కూ గ్రాస్‌కూ తేడా ఏమిటో, దానివల్ల పింఛను ఎంత తగ్గుతుందో ఆ గార్డుకు ఎవరూ చెప్పి ఉండరు. చెప్పగలిగినవాడు చెప్పలేదు.

చట్టం ఇక్కడ ఎంతదాకా వచ్చిందో గమనించాలి. భారత శిక్షాస్మృతి 405వ సెక్షన్‌కు 1973లో ఒక వివరణ చేర్చారు. జీతం నుంచి పనివాడి పీఎఫ్ వాటా కోసిన యజమానిని, ఆ సొమ్ము అప్పగింతగా పొందినవాడిగా భావించాలనీ, జమ చేయకపోతే అది నమ్మకద్రోహమనీ దాని సారం. కొత్త న్యాయసంహితలోనూ ఆ వివరణ కొనసాగింది. చాలా గొప్ప మాట అది. కానీ కోసిన సొమ్ము వరకే దాని చూపు. జీతమే తక్కువ రాసి అసలు కోయకుండా వదిలేస్తే అది బకాయి అవుతుంది, విచారణ జరిపి వడ్డీతో, అపరాధ రుసుముతో వసూలు చేస్తారు. అప్పగించిన సొమ్ము తిన్నవాడిని శిక్షాస్మృతి పట్టుకుంది. అప్పగింతనే మాటతో చిన్నది చేసినవాడిని ఆ జైన వ్యాఖ్యాత పట్టుకున్నాడు.

ఇక అభ్యంతరాలు. వాటిలో బలమైనది చట్టం పేరుతోనే వస్తుంది. 1952 పీఎఫ్ చట్టమే ఇంటద్దె భత్యాన్ని, ఓవర్‌టైమును, బోనస్‌ను, కమిషన్‌ను బేసిక్ నుంచి మినహాయించింది కదా, ఆ వెసులుబాటు వాడుకోవడం అబద్ధం ఎలా అవుతుంది అంటారు. నిజమే, మినహాయింపు ఉంది. నిజంగా ఓవర్‌టైము చేసినవాడికి ఇచ్చిన ఓవర్‌టైము డబ్బు పీఎఫ్ లెక్కలోకి రాకపోతే అందులో అసత్యం లేదు. 2014 సెప్టెంబర్ 1న 6,500 నుంచి 15,000కు పెంచిన జీత పరిమితిని పట్టుకుని, 40,000 జీతగాడికి 15,000 మీదే పీఎఫ్ కట్టే సంస్థ కూడా అబద్ధమాడినట్టు కాదు. అది అందరికీ తెలిసిన, బాహాటంగా రాసి ఉన్న గీత. నేనంటున్నది వేరు. ఇంటద్దెతో సంబంధం లేని డబ్బుకు ఇంటద్దె అని పేరు పెట్టడం, నెలనెలా ఒకే మొత్తంలో అందరికీ ఇచ్చే జీతాన్ని ‘ప్రత్యేక’ భత్యం అనడం, పనిచేసిన రోజులను జీతం రాని రోజుల గడిలోకి తోసేయడం. సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో ఈ తేడానే పట్టుకుంది. అందరికీ, మామూలుగా, తప్పకుండా ఇచ్చే భత్యం బేసిక్‌లో భాగమేననీ, మినహాయింపు కావాలంటే అది ఎక్కువ పనికో, అందరికీ అందని మరో కారణానికో ముడిపడి ఉందని సంస్థే చూపాలనీ చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఇంకో అడుగు వేశాయి. మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరా తిరిగి వేతనంలో కలపాల్సిందే. ఈ తీర్పులూ కోడ్‌లూ రాకముందు మాత్రం ఆ పట్టీలు సత్యమా? కురుక్షేత్రంలో ధర్మరాజు ద్రోణుడితో అన్న మాటలో అబద్ధపు పదం ఒక్కటీ లేదు. అయినా భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచే అతని రథం ఆ క్షణమే నేలకు దిగింది. వినేవాడి మనసులో ఏం నాటుకోవాలని చెప్పారో దాన్నిబట్టే సత్యాసత్యాలు తేలతాయని ఆ కథ విన్న ప్రతివాడికీ తెలుసు.

పేర్లు మార్చిన ఉద్దేశం ఏమిటో తెలియాలంటే అదే సంస్థ ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు ఏం చెబుతుందో చూడాలి. ఆఫర్ లెటర్‌లో సీటీసీ అని పెద్ద అంకె ఉంటుంది. అన్ని భత్యాలూ, యజమాని కట్టే పీఎఫ్ వాటా కూడా అందులో కలిసి ఉంటాయి. మనిషిని రప్పించడానికి ఆ అంకె. అతని వృద్ధాప్యానికి డబ్బు పక్కన పెట్టే రోజు వచ్చేసరికి చిన్న అంకె. ఖురాన్‌లో 83వ సూరా మొదలయ్యేదే తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల మీద హెచ్చరికతో. బైబిల్ ద్వితీయోపదేశకాండం ఒకే సంచిలో ఒక పెద్ద రాయి, ఒక చిన్న రాయి పెట్టుకోవడాన్నే నిషేధించింది. గమనించండి, తప్పుడు తూకం వేయడం దాకా పోనక్కర్లేదు, రెండు రాళ్లు ఉంచుకోవడమే తప్పు. ఒకే పనికి రెండు జీతాలు రాసి పెట్టుకున్న కార్యాలయం ఈ రెండు గ్రంథాల ముందూ ఏం చెప్పుకోగలదో నాకు తోచదు.

‘పనివాళ్లే అడుగుతున్నారు’ అన్నది రెండో అభ్యంతరం. చేతికొచ్చే జీతం తగ్గితే గొడవ చేసేది వాళ్లే, పీఎఫ్ వద్దు మొర్రో అనేదీ వాళ్లే, అంటారు. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పిల్లాడి ఫీజు గడువు రేపే అయినప్పుడు నెలకు 840 చిన్న మొత్తం కాదు. అయితే అతను అడుగుతున్నది డబ్బు, అబద్ధం కాదు. ఇష్టం లేని పొదుపు మనిషి చేత చేయించాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. చేసిన పనికి ఎంత ముట్టిందో రాసేటప్పుడు నిజం రాయాలా వద్దా అన్నది మరో ప్రశ్న. రెండోదానికి పనివాడి సమ్మతి పనికిరాదు. సాక్ష్యం అతని ఒక్కడి సొత్తు కాదు. భార్యకు, పిల్లలకు, అదే నిధిలో జమచేసిన తోటివాళ్లకు దానితో పని ఉంది. పైగా ఆ సమ్మతి ఎలాంటిదో కూడా చూడాలి. ఒప్పుకోకపోతే రేపటి నుంచి రానక్కర్లేదన్న భయంతో చేసిన సంతకాన్ని ధర్మశాస్త్రమే చెల్లదంటుంది. బలవంతంతో రాయించిన పత్రానికి అక్కడ విలువ లేదు. యజమాని వాటా భారమైతే పనివాడి జీతం కోసి సర్దుకోకూడదని 1952 చట్టం ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటేనే ఆ ఇద్దరి మధ్య బలం ఎటువైపు ఉందో తెలుస్తుంది.

మూడో అభ్యంతరం నిజంగా ధర్మసంకటం. చిన్న కాంట్రాక్టరు నిజం రాస్తే టెండరు పోతుంది, టెండరు పోతే యాభై మంది రోడ్డున పడతారు, అందరి హితం చూసేదే సత్యం కదా అంటారు. ఈ వాదానికి మహాభారతంలోనే ఆధారం ఉంది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. సత్యం తప్పనని వ్రతం పట్టిన ఆ తాపసి, దొంగలకు జడిసి అడవిలో దాక్కున్నవాళ్ల జాడ ఆ దొంగలకే చెప్పేశాడు. వాళ్లు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. ఉన్నదున్నట్టు చెప్పడమే ఎల్లప్పుడూ ధర్మం కాదని కథ తాత్పర్యం, ఒప్పుకుంటాను. కానీ కౌశికుడు ఆడవలసిన అబద్ధం ఎవరిని కాపాడేది? దాక్కున్నవాళ్లను, బలవంతుల బారి నుంచి. జీతం పట్టీలోని అబద్ధం దాక్కున్నవాళ్లను కాపాడటం లేదు. వాళ్ల సొమ్మే వాళ్లకు కనబడకుండా దాస్తోంది. కథను తిరగేసి వాడుకోవడం అది. నిజంగా ఇవ్వలేని యజమానికి ధర్మమార్గం మూసుకుపోలేదు. ఇవ్వగలిగింది ఇంతేనని చెప్పి, అంతా రాసి, దాని మీదే పీఎఫ్ కట్టొచ్చు. అప్పుడు పనివాడికి తన స్థితి తెలుస్తుంది, టెండరు పిలిచినవాడికీ తెలుస్తుంది. పీఎఫ్ పూర్తిగా కడితే గిట్టుబాటు కాని ధరకు టెండరు ఒప్పుకున్న పెద్ద సంస్థ, ప్రభుత్వ శాఖ అయినా సరే, ఆ అబద్ధంలో వాటాదారే. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురూ ఫలంలో సమానులని మన పెద్దలు అనే మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ‘సార్ చెప్పారు, నేను ఎక్కించాను’ అనే అకౌంటెంటుకు కూడా.

నా వాదన పనివాడి మీద జాలితో పుట్టిందని ఎవరైనా అనుకుంటే, దాన్ని రెండోవైపు నుంచి పరీక్షించి చూడండి. పింఛను లెక్క చివరి 60 నెలల సగటు జీతం మీద ఉంటుంది. 2014కు ముందు చివరి 12 నెలలే చూసేవారు. అలాంటి చోట పరిమితికి లోబడి ఉన్న జీతాన్ని, ఆఖరి ఏడాది కాగితం మీద మాత్రం పెంచి చూపిస్తే? పింఛను నిధి ఒక్కొక్కరి ఖాతాగా విడివిడిగా ఉండదు, అందరిదీ ఒకే రాశి. పెంచి చూపినవాడు తీసుకునేది పక్కవాళ్ల వాటా నుంచే. అతను పేదవాడే కావచ్చు, యజమాని దయతోనే రాసి ఉండొచ్చు. అయినా అది తప్పే. వచ్చినదానికన్నా తక్కువ రాయకూడదు, ఎక్కువా రాయకూడదు.

‘కనీస పింఛను వెయ్యి రూపాయలిచ్చే పథకానికి ఇంత సత్యనిష్ఠ ఎందుకు’ అని విసుక్కునేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. 2014లో ఖరారు చేసిన ఆ వెయ్యి ఏ మనిషి వృద్ధాప్యానికీ సరిపోదు. కానీ పింఛనును దయాభిక్షగా చూసినప్పుడే ఆ విసుగు వాదన అవుతుంది. 1982లో నకారా కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగుల పింఛను గురించి అది యజమాని దయ కాదని, చేసిన సేవకు దక్కిన హక్కు అని తేల్చింది. అర్థశాస్త్రం పనిలో చనిపోయినవాడి భార్యాబిడ్డలకు భత్యమూ వేతనమూ అందాలంటుంది. శుక్రనీతి, దాని కాలం గురించి పండితుల్లో ఎన్ని వాదాలున్నా, నలభై ఏళ్లు కొలిచినవాడికి ఆపైన కొలువు లేకుండానే సగం జీతం జీవితాంతం ఇవ్వమంటుంది. వేతనంలో వెనక ముట్టవలసిన భాగం ఇది. అది చిన్నదైతే పెంచమని గట్టిగా అడగాలి, అడుగుతున్నవాళ్లతో గొంతు కలపాలి. చిన్నదన్న సాకుతో దానిలోంచి ఇంకా గీకడం ఏ ధర్మమూ కాదు.

ధర్మం పేరుతో నడిచే బడులు, ఆస్పత్రులు, ట్రస్టులు, మఠాల కార్యాలయాలు ఈ విషయంలో అందరికన్నా ముందు తమ పట్టీలు తీసి చూసుకోవాలి. వాటిలో పనిచేసే ఆయాలు, వంటవాళ్లు, డ్రైవర్లు సేవాభావంతో తక్కువ జీతానికి ఒప్పుకుని ఉండొచ్చు. ఆ తక్కువలోనూ తక్కువ రాయించుకోవడానికి ఒప్పుకోలేదు. ఇక జీతం మీద బతికే ప్రతి పాఠకుడికీ ఒక మనవి. పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా ఎంత జమైందన్నదే కాకుండా, ఏ జీతం మీద జమైందో కూడా రాసి ఉంటుంది. ఈ నెల దాన్ని పే స్లిప్పు పక్కన పెట్టి చూసుకోండి, చదువురాని తోటివాళ్లకు చదివి చెప్పండి. పాత నెలల జీతం సరిచేయాలంటే యజమాని సవరించిన పట్టీ ఇవ్వాలి, లేదా పీఎఫ్ అధికారి విచారణ జరిపి తేల్చాలి. రెండింటికీ హాజరు పట్టీ, పే స్లిప్పులు, బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. అవి ఉద్యోగంలో ఉండగా దొరికినంత తేలిగ్గా 58 దాటాక దొరకవు.